చిన్న ఎస్‌ఎస్‌డీ, పెద్ద హార్డ్ డిస్క్: ఏది ఎక్కడ ఉండాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

కంప్యూటర్‌లో 128 లేదా 256 జీబీ ఎస్‌ఎస్‌డీ (చిప్‌లలో రాసుకునే వేగమైన డ్రైవ్) ఒకటి, దానికి తోడు 1 లేదా 2 టీబీ హార్డ్ డిస్క్ ఒకటి. మొదట్లో అంతా సుఖంగానే సాగుతుంది. కొన్ని నెలలు పోయాక ఒకరోజు సి డ్రైవ్ గీత ఎర్రబడుతుంది. పక్కనే డి డ్రైవ్ మాత్రం ముప్పావు వంతు ఖాళీగా పడి ఉంటుంది. అక్కడి నుంచి మొదలయ్యే ప్రశ్నలు ఇవి. జవాబులు విండోస్ 10, 11 వాడేవాళ్ల కోసం రాశాను. లినక్స్ వాళ్లకు చివర్లో నాలుగు మాటలు ఉన్నాయి. సి అంటే ఎస్‌ఎస్‌డీ, డి అంటే హార్డ్ డిస్క్ అనుకుని చదవండి.

నా కంప్యూటర్‌లో సి, డి రెండూ కనిపిస్తున్నాయి. అంటే రెండు డ్రైవ్‌లు ఉన్నట్టేనా?

అలా అనుకోవడానికి లేదు. ఒకే డిస్క్‌ను రెండు ముక్కలు చేసినా సి, డి అనే కనిపిస్తాయి. టాస్క్ మేనేజర్ తెరిచి పెర్ఫార్మెన్స్ అనే చోట చూడండి. డిస్క్ 0, డిస్క్ 1 అని విడివిడిగా ఉండి, ఒకదాని కింద ఎస్‌ఎస్‌డీ అనీ మరోదాని కింద హెచ్‌డీడీ (హార్డ్ డిస్క్) అనీ రాసి ఉంటే నిజంగానే రెండున్నాయి. ఒక్కటే ఉండి దాని కిందే సి, డి రెండూ ఉంటే, కింద చెప్పేవాటిలో సగం మీకు అక్కర్లేదు.

ఎస్‌ఎస్‌డీ వేగం, వేగం అంటారు. అసలు తేడా ఎక్కడ?

ఈ ఒక్క జవాబు మనసుకు పడితే మిగతా ప్రశ్నల్లో చాలావాటికి జవాబు మీరే చెప్పుకోగలరు. అందుకే కాస్త నెమ్మదిగా చెబుతాను.

హార్డ్ డిస్క్ లోపల ఒక పళ్లెం నిమిషానికి 5400 లేదా 7200 సార్లు తిరుగుతుంది. దాని మీద ఒక చెయ్యి అటూ ఇటూ కదులుతూ చదువుతుంది. 7200 చుట్ల డిస్క్‌లో ఒక చుట్టుకు 8.3 మిల్లీసెకన్లు పడుతుంది. కావలసిన ముక్క తల కిందికి రావడానికి సగటున అర చుట్టు ఆగాలి, అంటే సుమారు 4 మిల్లీసెకన్లు. దానికి ముందు చెయ్యి సరైన వరస దగ్గరికి జరగడానికి మరో 8, 9 మిల్లీసెకన్లు. వెరసి ఒక్కో ముక్కకు 12, 13 మిల్లీసెకన్లు. అంటే ఎక్కడెక్కడో చెల్లాచెదురుగా ఉన్న చిన్న ముక్కలను సెకనుకు ఎనభైకి మించి తీయలేదు. ఒక్కో ముక్క 4 కేబీ అయితే సెకనుకు 320 కేబీ. ఎస్‌ఎస్‌డీలో తిరిగేదీ లేదు, జరిగేదీ లేదు. అదే ముక్క 0.1 మిల్లీసెకను అటూ ఇటూగా చేతికొస్తుంది.

ఇప్పుడు రెండో వైపు చూడండి. ముక్కలన్నీ వరసగా ఉంటే అదే హార్డ్ డిస్క్ సెకనుకు 100 నుంచి 200 ఎంబీ వరకు గుక్క తిప్పుకోకుండా చదివేస్తుంది. ఒక హెచ్‌డీ సినిమా 25 మెగాబిట్ల వేగంతో ఉందనుకుందాం. దానికి సెకనుకు కావలసింది 3 ఎంబీ చిల్లర. కాబట్టి సినిమాను ఎస్‌ఎస్‌డీలో పెట్టినా హార్డ్ డిస్క్‌లో పెట్టినా తెర మీద ఒకేలా ఆడుతుంది. అదే విండోస్ మొదలవ్వాలంటే వేల చిన్న ఫైళ్లు తెరుచుకోవాలి. అక్కడ హార్డ్ డిస్క్ చతికిలపడుతుంది.

సరే, అయితే ఏది ఎక్కడ పెట్టాలి?

"ప్రోగ్రామ్‌లు సి లో, ఫైళ్లు డి లో" అని అందరూ చెప్పే సూత్రం తప్పని అనను గానీ మొరటుది. నేనైతే ఒక ప్రశ్న వేసుకుంటాను: దీన్ని వాడినప్పుడు ఒక పెద్ద ఫైలు వరసగా నడుస్తుందా, లేక వేల చిన్న ఫైళ్లు ఒకేసారి కదులుతాయా? మొదటి రకమైతే డి, రెండో రకమైతే సి.

ఆ లెక్కన విండోస్, బ్రౌజర్, ఆఫీస్, రోజూ తెరిచే ప్రోగ్రామ్‌లు, ఇప్పుడు చేస్తున్న ప్రాజెక్ట్ సి లో ఉంటాయి. సినిమాలు, పాటలు, ఫొటోలు, స్కాన్ చేసిన కాగితాలు, ఇన్‌స్టాలర్ ఫైళ్లు, పూర్తయిపోయిన ప్రాజెక్టులు డి కి వెళ్తాయి. రోజూ చేతికి తగలాల్సినవి బల్ల మీద, మిగతావి అటక మీద.

ఒకే పనిలోని సరుకును రెండు చోట్లకు పంచాల్సి రావడం కూడా మామూలే. లైట్‌రూమ్‌లో ఫొటోలు చూసుకునేవాళ్లనే తీసుకోండి. 25, 30 ఎంబీల రా ఫైళ్లు (కెమెరా ఇచ్చే ముడి ఫొటోలు) వేలల్లో ఉంటాయి, అవి డి లో ఉంటే ఇబ్బంది లేదు. కానీ కేటలాగ్ (ఫొటోల చిట్టా ఫైలు), దాని పక్కనే ఉండే ప్రివ్యూల ఫోల్డర్ మాత్రం సి లోనే ఉండాలి. మీరు స్క్రోల్ చేస్తున్నంతసేపూ లైట్‌రూమ్ తడుముకునేది వాటినే. ఫొటోల కోసమని మొత్తం తీసుకెళ్లి డి లో పడేసి, తర్వాత ప్రోగ్రామ్ నెమ్మదించిందని దాన్ని తిట్టుకునేవాళ్లు తక్కువేం కాదు. వీడియో ఎడిటింగ్‌లోనూ ఇదే తంతు. ఫుటేజ్ డి లో, ప్రాజెక్ట్ ఫైలూ కాషూ (పని వేగంగా సాగడానికి ప్రోగ్రామ్ దాచుకునే తాత్కాలిక ఫైళ్లు) సి లో. కాకపోతే ఆ కాష్‌కు ఒక హద్దు పెట్టుకోవాలి. ఎందుకో కింద చెబుతాను.

256 జీబీ అని కొన్నాను, విండోస్ 238 అంటోంది. మిగతా 18 జీబీ ఎటు పోయింది?

ఎటూ పోలేదు. తయారీదారు జీబీ అంటే వంద కోట్ల బైట్లు. విండోస్ లెక్కలో జీబీ అంటే 1024 ను 1024 తో, మళ్లీ 1024 తో గుణించినంత, అంటే 107 కోట్ల పైచిలుకు. అందుకే 256 కాస్తా 238 అవుతుంది, 1 టీబీ 931 అవుతుంది. సరుకు అదే, కొలపాత్ర వేరు.

ప్రోగ్రామ్‌లన్నీ డి లో ఇన్‌స్టాల్ చేస్తే సి హాయిగా ఉంటుంది కదా?

ఉండదు. ఇందులో రెండు భ్రమలు ఉన్నాయి.

ఒకటి: ప్రోగ్రామ్‌ను డి లో పెట్టినంత మాత్రాన దాని సామానంతా డి కి పోదు. సెట్టింగులు, కాష్, తాత్కాలిక ఫైళ్లు సి లో మీ పేరుతో ఉండే ఫోల్డర్‌లోని యాప్‌డేటాకే వెళ్తాయి. బ్రౌజర్ ప్రోగ్రామ్ కొన్ని వందల ఎంబీలే ఉంటుంది. అది పోగుచేసే ప్రొఫైల్, కాష్ కలిపి కొన్ని జీబీలకు చేరతాయి. మీరు డి కి తరిమింది చిన్నదాన్ని, సి లో మిగిలింది పెద్దది.

రెండు: "రేపు విండోస్ మళ్లీ వేసుకున్నా డి లో ఉన్న ప్రోగ్రామ్‌లు భద్రంగా ఉంటాయి" అనే నమ్మకం. ఫైళ్లు ఉంటాయి, ప్రోగ్రామ్‌లు మాత్రం చాలావరకు పనిచేయవు. వాటి నమోదు అంతా సి లోని రిజిస్ట్రీలో ఉంటుంది. విండోస్ కొత్తగా వేస్తే ఆ చిట్టా కూడా కొత్తదే, అందులో వీటి పేర్లుండవు. ఎలాగూ మళ్లీ ఇన్‌స్టాల్ చేయాల్సిందే.

డి లో వేయదగినవీ ఉన్నాయి. నెలకోసారి తెరిచే పెద్ద ప్రోగ్రామ్, చాలా జీబీలు మింగే వాద్యాల శబ్దాల లైబ్రరీలు, ఆఫ్‌లైన్ మ్యాపులు, ఆటలు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు కస్టమ్ అనే మాట కనిపిస్తే దాన్ని నొక్కండి, చోటు అడుగుతుంది.

సి లో ఉన్న ప్రోగ్రామ్ ఫోల్డర్‌ను కట్ చేసి డి లో పేస్ట్ చేస్తే?

చేయకండి. షార్ట్‌కట్లు, సర్వీసులు, రిజిస్ట్రీ అన్నీ ఇంకా పాత చిరునామాకే వెళ్తుంటాయి. తెరుచుకోకపోవడం అటుంచి, తీసేద్దామన్నా అన్‌ఇన్‌స్టాలర్ దొరకదు. సరైన దారి అన్‌ఇన్‌స్టాల్ చేసి డి లో మళ్లీ వేయడం. మైక్రోసాఫ్ట్ స్టోర్ నుంచి దించిన చాలా యాప్‌లకు మాత్రం, విండోస్ 11 అయితే, సెట్టింగ్స్‌లోని ఇన్‌స్టాల్డ్ యాప్స్ జాబితాలో, పేరు పక్కనున్న మూడు చుక్కలు నొక్కితే మూవ్ అని వస్తుంది. అది వాడుకోవచ్చు.

డాక్యుమెంట్స్, పిక్చర్స్, డౌన్‌లోడ్స్ ఫోల్డర్లను డి కి మార్చడం ఎలా?

ముందు డి లో మీ పేరుతో ఒక ఫోల్డర్, దాని లోపల డాక్యుమెంట్స్, పిక్చర్స్, వీడియోస్, డౌన్‌లోడ్స్ అని నాలుగు ఫోల్డర్లు చేసుకోండి. ఆ తర్వాత ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో ఎడమవైపు కనిపించే అసలు డాక్యుమెంట్స్ మీద కుడి క్లిక్ చేసి ప్రాపర్టీస్, అందులో లొకేషన్ అనే ట్యాబ్, మూవ్ అనే బటన్. కొత్త ఫోల్డర్ చూపించి అప్లై నొక్కితే పాత ఫైళ్లు కూడా తరలించమంటారా అని అడుగుతుంది. అవుననండి. ఒక్కో ఫోల్డర్‌కు ఇదే పని. ప్రోగ్రామ్‌లకు కూడా కొత్త చిరునామా దానంతటదే తెలిసిపోతుంది.

ఆ లోపలి ఫోల్డర్లు ముందే చేసుకోమని ఎందుకన్నానంటే, నేను ఒకసారి తొందరలో ఉత్త డి డ్రైవ్‌నే చూపించి అవునని నొక్కేశాను. అంతే, డి డ్రైవ్ మొత్తం డాక్యుమెంట్స్ అయిపోయింది. పేరు మారింది, గుర్తు మారింది, అందులో అప్పటికే ఉన్న సినిమాలూ పాత బ్యాకప్‌లూ అన్నీ డాక్యుమెంట్స్ కిందికి వచ్చేశాయి. వెనక్కి తిప్పుదామంటే డి లో ఉన్నదంతా సి లోకి మోస్తానంటుంది. 600 జీబీ 238 లో ఎలా పడుతుంది? చివరికి రిజిస్ట్రీలో చెయ్యి పెట్టి సరిచేసుకోవాల్సి వచ్చింది. డ్రైవ్‌ను కాదు, ఎప్పుడూ ఫోల్డర్‌నే చూపించండి.

వన్‌డ్రైవ్ వాడుతుంటే ఇంకో చిక్కు ఉంది. అది డెస్క్‌టాప్‌నూ డాక్యుమెంట్స్‌నూ బ్యాకప్ పేరుతో తన ఫోల్డర్‌లోకి తీసుకుని ఉండొచ్చు. ముందు వన్‌డ్రైవ్ సెట్టింగులలో ఆ బ్యాకప్ ఆపి, ఆ తర్వాతే లొకేషన్ మార్చండి. లేదా వన్‌డ్రైవ్‌ను అన్‌లింక్ చేసి, దాని ఫోల్డర్‌నే డి లో పెట్టమని మళ్లీ కలుపుకోండి.

యాప్‌డేటాను, మీ పేరుతో ఉన్న మొత్తం యూజర్ ఫోల్డర్‌ను మాత్రం కదపొద్దు. అవి చిన్న ఫైళ్ల పుట్టలు. డి కి పోతే ఎస్‌ఎస్‌డీ కొన్న ఫలితమే పోతుంది, అప్‌డేట్ల సమయంలో కొత్త తలనొప్పులు మొదలవుతాయి.

డెస్క్‌టాప్ సంగతి?

సి లోనే ఉండనివ్వండి. దాని మీద పెళ్లి వీడియోలు పెట్టకుండా ఉంటే చాలు.

ఫోల్డర్‌ను డి లోకి లాగి వేశాను. అయినా సి లో ఖాళీ ఒక్క జీబీ కూడా పెరగలేదు. ఎందుకని?

మౌస్‌తో లాగడంలో చాలామందికి తెలియని తిరకాసు ఒకటుంది. ఒకే డ్రైవ్ లోపల లాగితే విండోస్ ఫైలును తరలిస్తుంది. ఒక డ్రైవ్ నుంచి ఇంకో డ్రైవ్‌కు లాగితే కాపీ చేస్తుంది. పాతది సి లోనే ఉండిపోతుంది. నిజంగా తరలించాలంటే షిఫ్ట్ నొక్కి పట్టుకుని లాగండి, లేదా కట్, పేస్ట్ చేయండి.

సరే, పాతదాన్ని డిలీట్ చేశారు, అయినా చోటు రాలేదా? సి లో డిలీట్ చేసినవి సి లోని రీసైకిల్ బిన్‌లోనే పడి ఉంటాయి. బిన్ ఖాళీ చేస్తేనే చోటు తిరిగొస్తుంది.

చాలా ముఖ్యమైన ఫోల్డర్ అయితే నేను కట్ చేయను. కాపీ చేసి, రెండుచోట్లా ప్రాపర్టీస్‌లో ఫైళ్ల సంఖ్య, బైట్ల సంఖ్య సరిపోయాయో లేదో చూసి, నాలుగైదు ఫైళ్లు తెరిచి, అప్పుడు పాతది తీసేస్తాను.

సి ఎర్రబడింది. ఏం తినేసిందో తెలుసుకోవడం ఎలా?

ఊహించి డిలీట్ చేయడం మొదలుపెట్టకండి, ముందు కొలవండి. సెట్టింగ్స్, సిస్టమ్, స్టోరేజ్ అనే చోట స్థూలంగా లెక్క కనిపిస్తుంది. సూక్ష్మంగా కావాలంటే విజ్‌ట్రీ, విన్‌డర్‌స్టాట్ లాంటి చిన్న ప్రోగ్రామ్ చాలు. విజ్‌ట్రీ డిస్క్ విషయసూచికనే నేరుగా చదువుతుంది కాబట్టి కొన్ని సెకన్లలో ఫోల్డర్లన్నీ పెద్ద నుంచి చిన్నకు వరస పెట్టేస్తుంది. అడ్మినిస్ట్రేటర్‌గా తెరవడం మరిచిపోవద్దు.

అలా చూసినప్పుడు పదే పదే దొరికే దొంగలు కొందరు ఉన్నారు.

హైబర్నేషన్ ఫైలు. విండోస్ 10, 11 లలో ఇది మామూలుగా ర్యామ్‌లో 40 శాతం దాకా ఉంటుంది, అంటే 16 జీబీ ర్యామ్ ఉంటే 6 జీబీ పైన. హైబర్నేట్ (తెరిచి ఉన్న పనినంతా డిస్క్‌లో దాచి కంప్యూటర్‌ను ఆపడం) వాడనివాళ్లు దీన్ని ఆపేయొచ్చు. అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచిన కమాండ్ ప్రాంప్ట్‌లో కొట్టాల్సింది, ఫోన్‌లో చెప్పినట్టు చెబుతున్నాను: పవర్‌సీఎఫ్‌జీ, ఒక ఖాళీ, స్లాష్ హెచ్, ఒక ఖాళీ, ఆఫ్. అక్షరాలన్నీ ఇంగ్లిష్ చిన్నబడివే. ఫాస్ట్ స్టార్టప్ కూడా దీంతోపాటే పోతుంది, ఎస్‌ఎస్‌డీ ఉన్నచోట అదేమంత లోటు కాదు. ల్యాప్‌టాప్‌లో అయితే నేను ఈ పని చేయను. బ్యాటరీ అయిపోయే ఘడియలో మీ పనిని కాపాడేది ఆ హైబర్నేషనే.

విండోస్ డాట్ ఓల్డ్. పెద్ద అప్‌డేట్ తర్వాత పాత విండోస్ ఈ పేరుతో ఉండిపోతుంది. 10 రోజులకు తనే పోతుంది. అంతవరకు ఆగలేకపోతే స్టోరేజ్‌లోని టెంపరరీ ఫైల్స్‌లో టిక్ పెట్టి తీసేయొచ్చు, పాత వెర్షన్‌కు వెనక్కి వెళ్లే అవకాశం దాంతోనే పోతుంది. అదే జాబితాలో డౌన్‌లోడ్స్ అని ఒక గడి కూడా ఉంటుంది, అది చెత్త కాదు, మీ డౌన్‌లోడ్స్ ఫోల్డరే. టిక్ పెట్టేముందు రెండుసార్లు చూడండి.

కాష్‌లు. వీడియో ఎడిటర్‌లో మీడియా కాష్‌కు హద్దు పెట్టకపోతే ప్రాజెక్ట్ తర్వాత ప్రాజెక్ట్ పేరుకుంటూ పోతుంది. ఒక తమ్ముడి కంప్యూటర్‌లో సి నిండిపోయిందని చూస్తే 41 జీబీ కాష్ ఉంది, అది కూడా ఏడాది కింద అప్పగించేసిన వీడియోలది. ఎడిటర్ ప్రిఫరెన్సెస్‌లోనే పాత కాష్ తీసేయమనే మాట, ఇన్ని జీబీలు మించొద్దనే మాట రెండూ ఉంటాయి.

ఫోన్ బ్యాకప్‌లు. ఐఫోన్‌ను కంప్యూటర్‌కు బ్యాకప్ చేసేవాళ్లకు అదంతా యూజర్ ఫోల్డర్ లోపల మొబైల్‌సింక్ అనే చోట చేరుతుంది. పదుల జీబీలు ఇట్టే అవుతుంది, చోటు మార్చుకునే సెట్టింగ్ కూడా కనిపించదు. దీనికి మందు జంక్షన్, కింద ఉంది.

వర్చువల్ డిస్కులు. డాకర్, డబ్ల్యూఎస్‌ఎల్, వర్చువల్ మెషీన్లు వాడేవాళ్లు గమనించాల్సింది: లోపల ఫైళ్లు తీసేసినా మామూలుగా బయటి డిస్క్ ఫైలు దానంతటది చిన్నదవ్వదు. ఆండ్రాయిడ్ స్టూడియో వాళ్లకు ఎమ్యులేటర్లు, గ్రేడిల్ కాష్ ఇదే కోవ.

ఒక ఫోల్డర్‌ను మాత్రం చూసి భయపడకండి. విండోస్ లోపల విన్‌ఎస్ఎక్స్ఎస్ అని ఒకటి ఉంటుంది. చాలా పెద్దదిగా కనిపిస్తుంది, కానీ అందులోవి చాలావరకు విండోస్ మిగతా ఫోల్డర్లలో ఉన్న ఫైళ్లకే రెండో పేర్లు, కాబట్టి ఆ లెక్కలో కొంత ఉత్తుత్తిదే. చేత్తో తీసేస్తే విండోస్‌కే ఎసరు. డిస్క్ క్లీనప్‌లో సిస్టమ్ ఫైల్స్ అనే బటన్ ద్వారా ఎంత తీయొచ్చో అంతే అది తీస్తుంది.

పేజ్‌ఫైల్‌ను డి కి మారిస్తే సి కి ఊరట కదా?

ఆ ఊరట మీకు మిగలదు. ర్యామ్ చాలనప్పుడు విండోస్ చెయ్యి చాచేది పేజ్‌ఫైల్ దగ్గరికే, అదీ చిన్న చిన్న ముక్కల కోసం. అసలే ఇరుకున పడ్డ సమయంలో దాన్ని హార్డ్ డిస్క్ దగ్గరికి పంపితే కంప్యూటర్ కొయ్యబారిపోతుంది. సి లోనే, విండోస్ ఇష్టానికే వదిలేయండి.

ఎక్కువ రాస్తే ఎస్‌ఎస్‌డీ అరిగిపోతుందట, నిజమేనా?

నిజమే, కానీ మీరు భయపడేంత కాదు. ప్రతి ఎస్‌ఎస్‌డీకీ తయారీదారు టీబీడబ్ల్యూ అని ఒక సంఖ్య ఇస్తారు, ఇన్ని టీబీలు రాసేవరకు హామీ అని. 250 జీబీ డ్రైవ్‌కు అది 150 అనుకోండి. రోజూ 20 జీబీ రాసినా 7500 రోజులు, అంటే 20 ఏళ్లు. మామూలు వాడుకలో రోజుకు 20 జీబీ రాసేవాళ్లే అరుదు. బ్రౌజర్ కాష్‌ను, టెంప్ ఫోల్డర్‌ను హార్డ్ డిస్క్‌కు మార్చమనే పాత సలహాలు ఎస్‌ఎస్‌డీలు కొత్తగా వచ్చిన రోజులవి. రోజూ వందల జీబీల వీడియో రికార్డింగ్, నిఘా కెమెరాల ఫుటేజ్ ఉంటే మాత్రం వాటిని డి కే పంపండి. అవి ఎలాగూ వరసగా రాసుకుపోయేవే.

సి లో ఎంత ఖాళీ ఉంచాలి?

15 నుంచి 20 శాతం. 238 లో 40 జీబీ అనుకోండి. ఇది చాదస్తం కాదు. ఎస్‌ఎస్‌డీ చిన్న పేజీలుగా రాస్తుంది గానీ, చెరిపేటప్పుడు పేజీ పేజీగా చెరపలేదు, వందల పేజీల బ్లాకును ఒకేసారి చెరపాలి. ఖాళీ లేకపోతే బతికున్న పేజీలను అటు ఇటు సర్దుకుంటూ రాయాల్సి వస్తుంది. పైగా చాలా డ్రైవ్‌లు ఖాళీ భాగాన్నే వేగంగా రాసే తాత్కాలిక కాష్‌గా వాడుకుంటాయి. డ్రైవ్ నిండేకొద్దీ ఆ కాష్ కుంచించుకుపోతుంది. విండోస్ పెద్ద అప్‌డేట్లకూ చోటు కావాలి కదా.

ఆటలను ఏం చేయాలి?

నడుస్తున్న ఆట సి లో, విసుగొచ్చిన ఆట డి లో. స్టీమ్‌లో సెట్టింగ్స్, స్టోరేజ్ అనే చోట డి డ్రైవ్‌ను కలుపుకుంటే, ఆట ప్రాపర్టీస్‌లో ఇన్‌స్టాల్డ్ ఫైల్స్ దగ్గర మూవ్ అని ఉంటుంది. మళ్లీ డౌన్‌లోడ్ అక్కర్లేదు. విండోస్ కొత్తగా వేసినా అదే ఫోల్డర్‌ను చూపిస్తే స్టీమ్ పాత ఆటలను గుర్తుపడుతుంది. పైన ప్రోగ్రామ్‌ల గురించి చెప్పినదానికి ఇదొక మినహాయింపు.

హార్డ్ డిస్క్‌లో ఉన్నంత మాత్రాన బొమ్మల వేగం పెద్దగా తగ్గదు, లోడింగ్ మాత్రం సాగుతుంది. కానీ పెద్ద ప్రపంచాల ఆటల్లో నడుస్తూ ఉండగానే సరుకు వచ్చి పడుతుండాలి, అక్కడ హార్డ్ డిస్క్ అందుకోలేదు. 2023 లో వచ్చిన స్టార్‌ఫీల్డ్ లాంటివి కనీస అవసరాల్లోనే ఎస్‌ఎస్‌డీ అని రాశాయి. అలాంటివాటిని డి లో పెట్టి కుస్తీ పట్టకండి.

జంక్షన్ అంటున్నారు, ఏమిటది?

చోటు మార్చుకోనివ్వని మొండి ప్రోగ్రామ్‌లకు వేసే కళ్లజోడు. సరుకంతా డి లో ఉంటుంది, సి లో పాత పేరుతో ఒక తలుపు మాత్రం ఉంటుంది. ప్రోగ్రామ్ ఆ తలుపు తీసి లోపలికి వెళ్తుంది, తాను డి లోకి వచ్చానని దానికి తెలియదు.

ఫోన్ బ్యాకప్‌నే చూద్దాం. ప్రోగ్రామ్ మూసేయండి. మొబైల్‌సింక్ లోని బ్యాకప్ ఫోల్డర్‌ను డి లోకి కాపీ చేయండి. సి లో ఉన్నదాని పేరు చివర పాత అని చేర్చండి. తర్వాత కమాండ్ ప్రాంప్ట్‌లో ఎంకేలింక్ అనే ఆదేశం, దానికి స్లాష్ జె, ఆపైన ముందు సి లోని అసలు చిరునామా, తర్వాత డి లోని కొత్త చిరునామా, రెండూ కొటేషన్ గుర్తుల మధ్య. ముందు తలుపు, తర్వాత గది అని గుర్తుపెట్టుకుంటే తారుమారు కాదు. ప్రోగ్రామ్ తెరిచి పాత బ్యాకప్‌లు కనిపిస్తున్నాయో లేదో చూసి, అప్పుడు పాత ఫోల్డర్ తీసేయండి.

ఒకటి రెండు చోట్ల చేస్తే ఇది వరం. పదిచోట్ల చేస్తే ఆరు నెలల తర్వాత ఏది ఎక్కడుందో మీకే తెలియదు. చేసిన ప్రతి జంక్షన్‌నూ ఒక నోట్‌లో రాసి పెట్టుకోండి. విండోస్, ప్రోగ్రామ్ ఫైల్స్, ప్రోగ్రామ్‌డేటా జోలికి మాత్రం పోవద్దు.

ఎస్‌ఎస్‌డీని డీఫ్రాగ్ చేయాలా (చెదిరిన ముక్కలను వరసగా సర్దాలా)?

అక్కర్లేదు. విండోస్ ఆప్టిమైజ్ డ్రైవ్స్ అనే పని తనే పెట్టుకుని, ఎస్‌ఎస్‌డీకి ట్రిమ్ (ఏ ముక్కలు ఇక అక్కర్లేదో చెప్పే ఆదేశం) పంపుతుంది, హార్డ్ డిస్క్‌ను డీఫ్రాగ్ చేస్తుంది. దాన్ని ఆపకండి, బయటి డీఫ్రాగ్ ప్రోగ్రామ్‌లు తెచ్చిపెట్టకండి.

పాత కంప్యూటర్‌కు కొత్తగా ఎస్‌ఎస్‌డీ పెడుతున్నాను. జాగ్రత్తలేమైనా?

ఒక్కటి మాత్రం మరిచిపోకండి. ఎస్‌ఎస్‌డీలో విండోస్ వేసేటప్పుడు హార్డ్ డిస్క్ కేబుల్ పీకేయండి. రెండూ తగిలించి ఉంటే ఇన్‌స్టాలర్ విండోస్‌ను ఎస్‌ఎస్‌డీలో వేసి, విండోస్‌ను లేపే బూట్ భాగాన్ని మాత్రం హార్డ్ డిస్క్‌లో అప్పటికే ఉన్నదాన్నే వాడుకునే ప్రమాదముంది. అప్పుడు ఏ తేడా కనిపించదు. రెండేళ్ల తర్వాత హార్డ్ డిస్క్ పోయినరోజునో, మార్చినరోజునో, ఎస్‌ఎస్‌డీ నిక్షేపంగా ఉన్నా విండోస్ లేవదు. కొత్తగా వేయడమా, క్లోన్ చేయడమా (పాతదాన్ని ఉన్నదున్నట్టు కాపీ చేయడమా) అంటే, కొన్నేళ్ల చెత్త పేరుకున్న విండోస్‌ను నేనైతే క్లోన్ చేయను.

కాసేపు ముట్టుకోకపోతే డి తెరుచుకోవడానికి రెండు మూడు సెకన్లు ఆగుతోంది. పాడవుతోందా?

లేదు, నిద్రపోతోంది. వాడుక లేకపోతే విండోస్ హార్డ్ డిస్క్ తిరగడాన్ని ఆపేస్తుంది, తరచుగా 20 నిమిషాలకు. పవర్ ఆప్షన్స్‌లో ఆ సమయం పెంచుకోవచ్చు. ఆగడంతో పాటు టక్ టక్ మని చప్పుడు కూడా వస్తుంటే సంగతి వేరు. అప్పుడు అన్ని పనులూ ఆపి ముందు ఫైళ్లు బయటికి తీయండి.

రెండింటినీ కలిపి ఒకే డ్రైవ్‌లా చేసి, సర్దుకునే పని కంప్యూటర్‌కే అప్పగించలేమా?

ఆ ప్రయత్నాలు జరిగాయి. ఇంటెల్ 2011 లో స్మార్ట్ రెస్పాన్స్ తెచ్చింది, ఆపిల్ 2012 లో ఫ్యూజన్ డ్రైవ్ తెచ్చింది, 2017 లో ఇంటెల్ ఆప్టేన్ మెమరీ వచ్చింది. ఎస్‌ఎస్‌డీల ధర తగ్గాక వీటి అవసరమే తగ్గిపోయింది, 2022 లో ఆప్టేన్‌ను ఇంటెల్ మూసేసుకుంది. ఫ్యూజన్ తరహాలో డేటాను రెండింటికీ పంచే ఏర్పాటులో ఇంకో ఇబ్బంది, రెండింటిలో ఏది పోయినా మొత్తం పోయినట్టే. విడివిడిగా ఉంచుకోవడమే నయం.

ఫొటోలన్నీ డి లో పెట్టేశాను. బ్యాకప్ అయినట్టేగా?

కాలేదు. సి లో ఒక ప్రతి, డి లో ఒక ప్రతి ఉంటే అది కాపీ, అదీ అరకొరే. మీరు చేసింది తరలింపు, ఇప్పటికీ ఉన్నది ఒక్క ప్రతే. అది కూడా తిరిగే యంత్రంలో. బయటి డ్రైవ్‌లో ఒకటి, క్లౌడ్‌లోనో మరోచోటో ఇంకొకటి ఉంచండి. ఒకే పెట్టెలోని రెండు డిస్కులను ఒకే పిడుగు, ఫైళ్లకు తాళం వేసి డబ్బడిగే ఒకే రాన్సమ్‌వేర్ కలిపి తీసుకుపోగలవు. క్రిస్టల్‌డిస్క్ఇన్ఫో లాంటిదాంతో నెలకోసారి రెండు డ్రైవ్‌ల ఆరోగ్యం చూసుకోవడం మంచిదే. హార్డ్ డిస్క్ చాలాసార్లు మూలిగి, నెమ్మదించి పోతుంది. ఎస్‌ఎస్‌డీ మాత్రం చెప్పాపెట్టకుండా పోవచ్చు.

లినక్స్‌లో ఎలా?

వ్యవస్థ మొత్తం ఎస్‌ఎస్‌డీలో వేయండి. హోమ్‌ను (మీ యూజర్ ఫోల్డర్‌ను) మొత్తంగా హార్డ్ డిస్క్‌కు మార్చమని చాలామంది చెబుతారు, నాకు నచ్చదు. అందులోని చుక్కతో మొదలయ్యే ఫోల్డర్లే ప్రోగ్రామ్‌లు నిమిషనిమిషానికీ తడిమేవి. హోమ్‌ను ఎస్‌ఎస్‌డీలో ఉంచి, వీడియోలు, ఫొటోలు, డౌన్‌లోడ్లకు మాత్రం హార్డ్ డిస్క్‌కు దారి చూపే, జంక్షన్ లాంటి సింబాలిక్ లింకులు పెట్టుకోండి. ఏ డ్రైవ్ ఎక్కడ తెరుచుకోవాలో చెప్పే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైలులో డ్రైవ్‌ను యూయూఐడీ అనే దాని సొంత గుర్తింపు సంఖ్యతో రాసుకుంటే కేబుళ్లు మార్చినా చిరునామా మారదు.

ఇంత తంటా ఎందుకు, పెద్ద ఎస్‌ఎస్‌డీ కొనేస్తే పోలా?

పోతుంది. కుదిరితే కొనండి, పైన చెప్పిన సగం తిప్పలు తప్పుతాయి. హార్డ్ డిస్క్‌ను మాత్రం పారేయకండి, సినిమాలకూ బ్యాకప్‌లకూ అది ఇంకా పనికొస్తుంది. మరి మిగిలిపోయిన పాత 256 ఎస్‌ఎస్‌డీ? దాన్ని యూఎస్‌బీ కేసులో పెట్టి పెన్‌డ్రైవ్‌లా వాడుకోండి గానీ, ఫొటోలతో నింపి సొరుగులో పడేయకండి. చిప్‌ల ప్రమాణాలు నిర్ణయించే జెడెక్ సంస్థ ప్రమాణం మామూలు వాడుక ఎస్‌ఎస్‌డీని అడిగేది ఇంతే: రాతకు హామీ ఇచ్చినంతా ఖర్చయ్యాక, కరెంటు లేకుండా 30 డిగ్రీల దగ్గర ఒక్క ఏడాది డేటాను పట్టి ఉంచమని. వేడి పెరిగేకొద్దీ ఆ గడువు తగ్గుతుంది.